రైఫిలు చేతికందని చోట ఉండవలెను

మా ఆయన లిఫ్టులు తనిఖీ చేసే శాఖలో పనిచేస్తారు. ఏ లిఫ్టులో ఎంతమంది ఎక్కవచ్చో నిర్ణయించి, ఆ అంకె కింద సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఉద్యోగాన్ని ఆఫీసులోనే వదిలేసి ఇంటికి వచ్చే మగవాళ్లు కొందరు ఉంటారట, నేను చూడలేదు. మా ఇంట్లో అయితే అది రోజూ సాయంత్రం ఆయనతో పాటే చెప్పులు విడిచి లోపలికి వస్తుంది. వంటింటి అటక మీద ఎంత బరువు పెట్టవచ్చో గోడ మీద పెన్సిలుతో రాసి ఉంటుంది. ఎదురింటి వాళ్లు పోట్లాడుకుంటుంటే మా బాల్కనీలోకి నలుగురం ఒకేసారి వెళ్లకూడదు. వంతులు వేసుకుని చూడాలి. తీరా నా వంతు వచ్చేసరికి వాళ్లు రాజీ పడిపోతారు.

అలాంటి మనిషి పేరు మీద ఒక రైఫిలు ఉంది.

నిజానికి అది మా అమ్మాయిది. కాల్చేది అమ్మాయి, కాగితాల ప్రకారం యజమాని తండ్రి. ఆ వయసు పిల్లలకు లైసెన్సు ఇవ్వరు కదా. మనిషి రివటలా ఉంటుందని వాళ్ల నానమ్మ దాన్ని పిచ్చుక అని పిలుస్తుంది. ఆ పిచ్చుక బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, యాభై మీటర్ల అవతల కాగితం మీద చొక్కా గుండీ అంత చుక్కను కొడుతుంది. తను విడిచిన బట్టలను మాత్రం అడుగు దూరంలో ఉన్న బుట్టలో వేయలేదు.

ఇన్నాళ్లూ రైఫిలు మా ఊరి క్లబ్బులోనే, ఇనుప గదిలో ఉండేది. పిల్ల సైకిలు మీద వెళ్లి, కాల్చి, వచ్చేది. మాకు ఏ గొడవా ఉండేది కాదు. కానీ జూనియర్ జట్టు శిక్షణ శిబిరానికి ఎంపిక పోటీ పక్క నగరంలో పెట్టారు. కోచ్ ఫోన్ చేసి నాతోనే చెప్పాడు. మా ఇంట్లో విషయాలు ఎవరితో చెబితే త్వరగా కదులుతాయో ఆయనకు తెలుసు.

“అమ్మా, పన్నెండింటికల్లా అక్కడ రైఫిళ్లు తనిఖీ చేసే బల్ల మూసేస్తారు. ఆ తర్వాత దేవుడొచ్చినా తీసుకోరు. పైగా వచ్చే ఏడాదికి పిచ్చుక జూనియర్ల వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు. సార్‌కి కాస్త ముందే బయల్దేరమని చెప్పండి.”

“ఎంత ముందు?”

“సార్ సంగతి తెలుసు కాబట్టి... నిన్ననే బయల్దేరితే మంచిది.”

రైఫిలును సొంత కారులో తీసుకెళ్లడానికి అనుమతి వచ్చింది. దాని వెనక నిబంధనలు అచ్చువేసి ఉన్నాయి. రైఫిలులో తూటా ఉండరాదు. రైఫిలు తాళం వేసిన ఒక పెట్టెలో, తూటాలు తాళం వేసిన మరో పెట్టెలో, వేర్వేరు చోట్ల ఉండవలెను. రెండూ ప్రయాణికుల చేతికందని చోట ఉండవలెను. లైసెన్సుదారు రైఫిలుతో పాటే ఉండవలెను. అతి దగ్గర దారిన పోవలెను. గమ్యం చేరువరకు బహిరంగ ప్రదేశంలో పెట్టె తెరవరాదు. ప్రజలను భయభ్రాంతులను చేయరాదు.

చదివితే అన్నీ సబబుగానే ఉన్నాయి. ఎవరికైనా ఇట్టే అర్థమవుతాయి. అందుకే మా ఆయనకు అనుమానం వచ్చింది.

“చేతికందని చోట అన్నారు. ఎవరి చేతికి?” అన్నారు భోజనాల బల్ల దగ్గర.

“చేతులున్నవాళ్లందరికీ,” అంది పిచ్చుక.

“చేతులు అందరికీ ఒకే పొడవు ఉండవు కదమ్మా.”

మా కారుకు డిక్కీ అంటూ విడిగా లేదు. వెనక సీటు వెనకాల కాస్త జాగా, దాని మీద ఓ అట్ట. అంతే. కాబట్టి ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు కింద చేతుల పరీక్ష మొదలైంది. పై అంతస్తుల వాళ్లు బాల్కనీల్లోకి వచ్చి నిలబడ్డారు. ఏ బాల్కనీలో ఎంతమంది ఉన్నారో ఓసారి తలెత్తి లెక్కపెట్టుకున్నాకే ఆయన పని ప్రారంభించారు.

“అమ్మా, నువ్వు వెనక సీట్లో కూర్చుని చెయ్యి వెనక్కి చాపు.”

“ఎందుకురా?” అన్నారు అత్తయ్య.

“అందుతుందో లేదో చూడాలి.”

“ఏం అందాలి?”

“అందకూడదమ్మా.”

“అందకూడనిదానికి చాపడమెందుకురా నా తండ్రీ?”

అత్తయ్యకు కుడి భుజం పట్టేసి చాలాకాలమైంది. తల దువ్వుకోలేరు, రోజూ నేనే దువ్వుతాను. ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో ఆ సత్తువ, ఒక్క ఊపున చెయ్యి వెనక్కి విసిరి పెట్టె పిడి పట్టుకుని, “ఇదేనా?” అన్నారు. దువ్వెన అందని చేతికి రైఫిలు అందింది. పిచ్చుకకూ అందింది, కానీ వేలి కొసలు మాత్రమే. నాకు అందలేదు. ఆ విధంగా మా ఇంట్లో అందరికన్నా ప్రమాదకరమైన వ్యక్తి అత్తయ్యేనని అధికారికంగా తేలింది. పెళ్లైన వారానికే నాకు తెలిసిన సంగతిని మా ఆయన ఒప్పుకోవడానికి ఒక రైఫిలు కావలసి వచ్చింది.

తర్వాత వడ్రంగి వచ్చాడు. వెనక సీటుకూ సామాను జాగాకూ మధ్య ప్లైవుడ్ గోడ కట్టమన్నారు.

“కుక్కను తీసుకెళ్తున్నారా సార్?” అన్నాడు వడ్రంగి కొలత తీసుకుంటూ.

రైఫిలు అని చెబితే ప్రజలు భయభ్రాంతులవుతారు. మా ఆయన జీవితంలో అబద్ధమాడినవారు కారు.  “ఊఁ,” అన్నారు.

“ఏ జాతి సార్?”

“పొడుగు జాతి,” అని లోపలికి వెళ్లిపోయారు.

గోడ లేచింది. ఇప్పుడు తూటాలు వేరే చోట ఉండాలి. స్టెప్నీ టైరు ఉండే గుంటలోంచి టైరు తీసేసి, అందులో తూటాల పెట్టె పెట్టారు. మరి టైరు? అది వెనక సీట్లో నాకూ పిచ్చుకకూ మధ్య కూర్చుంది. దానికి సీటు బెల్టు కూడా పెట్టారు. అత్తయ్య ముందు సీటు పుచ్చుకున్నారు. ఒకసారి ప్రమాదకరమని తేలాక ఆవిడ దర్జాయే మారిపోయింది.

“నా చెయ్యి మీద అంత అనుమానమున్నప్పుడు నన్ను నీ కళ్లెదుటే పెట్టుకోవాలి కదరా,” అన్నారు బెల్టు బిగించుకుంటూ.

బయల్దేరే రోజు పొద్దున ఆయన మమ్మల్ని ఎవరినీ నీళ్లు తాగనివ్వలేదు. దారిలో ఎవరికైనా అవసరం పడితే కారు ఆపాలి. ఆపినచోట తనకే అవసరం పడితే రైఫిలు ఒంటరిదైపోతుంది. వెంట తీసుకెళ్తే, రైఫిలు పుచ్చుకుని మూత్రశాలలోకి వచ్చిన మనిషిని చూసి ప్రజలు ఏమైపోతారు? ఇంత ఆలోచించి, కూజాను తనే అలమరలో పెట్టి తాళం వేశారు. కాఫీ కూడా లేదు. అత్తయ్య కాఫీ లేకుండా ఇంత దూరం ప్రయాణం చేయడం ఇదే మొదటిసారి. ఆ సంగతి మేం ఇంకా వీధి మలుపు తిరగకముందే ఆయనకు అర్థమైంది.

తెల్లారుతూనే బయల్దేరాం కనుక చేతిలో బోలెడు సమయం ఉందనుకున్నాను. కానీ ‘అతి దగ్గర దారి’ అన్నది ఒకటుంది. ఊరి బయటి రింగురోడ్డు ఎక్కితే హాయిగా సాగిపోవచ్చు. అయితే దారపు ముక్కతో మ్యాపు మీద కొలిస్తే కూరగాయల మార్కెట్టు గుండా పోయే దారి గోరంత తక్కువ వచ్చింది. రైఫిలు జనానికి దూరంగా ఉండాలని పుట్టిన నిబంధనల పుణ్యమా అని మా రైఫిలు క్యాబేజీ బస్తాల మధ్య, ఉల్లిపాయల బండ్ల వెనక, అందరి తిట్లూ వింటూ ఊరేగింది. ఓ కూలీ మా వెనక అద్దంలోంచి ప్లైవుడ్ గోడ చూసి, “లోపల కుక్కుందిరోయ్,” అని దూరం జరిగాడు. మార్కెట్టు దాటేసరికి ఎండ బాగా ఎక్కింది. పిచ్చుక వాచీ చూసుకుని, టైరు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది.

నగరం ఇంకా చాలా దూరం ఉందనగా చెక్‌పోస్టు వచ్చింది. బారికేడ్ల దగ్గర పోలీసులు హెల్మెట్లు లేని వాళ్లను పట్టుకునే పనిలో ఉన్నారు. మా కారును చూసి ఓ కానిస్టేబుల్ విసుగ్గా చెయ్యి ఊపాడు. “పదండి పదండి.”

పోవచ్చు. పొమ్మంటున్నాడు. దేశంలో ఉన్న కార్లన్నీ పోతున్నాయి. మా ఆయన బ్రేకు వేసి, అద్దం దించి, ఎంతో మర్యాదగా చెప్పారు.

“మా దగ్గర రైఫిలుందండి.”

“ఏముందీ?”

“రైఫిలు. తూటాలు కూడా ఉన్నాయి. విడిగా.”

కానిస్టేబుల్ నోట్లోని ఈల కింద పడింది. అతను వెనక్కి నడవడం మొదలుపెట్టి, బారికేడు తగిలి ఆగాడు. హెల్మెట్ లేనివాళ్లంతా ఇదే అదనుగా బండ్లు తిప్పుకుని మాయమయ్యారు.

“మిమ్మల్ని ఎవరడిగారండీ?” అన్నాను.

“అడిగేదాకా ఆగితే అది దాచడం కిందికి వస్తుంది.”

“కొరివితో తల గోక్కోవడం కిందికి రాదూ?” అన్నారు అత్తయ్య.

ఎస్సై వచ్చాడు. నలభై దాటిన మనిషి, నిద్ర చాలని కళ్లు. లైసెన్సు చూశాడు, అనుమతి చూశాడు, సీటు బెల్టు పెట్టుకున్న టైరును కాస్త ఎక్కువసేపు చూశాడు.

“సరే, ఆ పెట్టె తెరవండి.”

“కుదరదండి.”

“ఏంటి కుదరనిది?”

“గమ్యం చేరేదాకా బహిరంగ ప్రదేశంలో తెరవకూడదు. నిబంధన.”

“తెరవకపోతే అందులో తూటా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?”

“లేదండి. ఉండకూడదని నిబంధన ఉంది కదా.”

ఎస్సై నా వైపు తిరిగాడు. “మీకు పెళ్లై ఎన్నాళ్లైందమ్మా?”

“ఇరవై ఏళ్లు.”

“ఓపికమ్మా మీకు,” అన్నాడు మనస్ఫూర్తిగా. మా పుట్టింటి వాళ్లు కూడా ఎప్పుడూ అనని మాట అది.

తెరవకుండా వదిలేస్తే ఎస్సైకి మాట వస్తుంది. తెరిస్తే మా ఆయన లైసెన్సుకు మాట వస్తుంది. రోడ్డు మీద తెరవకూడదు గానీ నాలుగు గోడల మధ్య తెరవవచ్చునని చివరికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. నాలుగు గోడలంటే దగ్గర్లో ఉన్నది పోలీస్ స్టేషనే. ఎస్సై బైకు మీద ముందు, మేం వెనక. “నాన్నా, టైమ్...” అంది పిచ్చుక. “చూపించి వచ్చేద్దాం, ఎంతసేపమ్మా,” అన్నారాయన.

స్టేషన్‌లో పెట్టె తెరిచారు. గుండ్రటి రంధ్రాలున్న, భుజానికి ఆనించే మడమ, ఎక్కడపడితే అక్కడ తిప్పే మరలు, నీలం రంగు పిడి. ఎస్సై దాని చుట్టూ తిరిగి చూశాడు.

“ఇది తుపాకీయా? జిమ్ములో సామానులా ఉందే,” అన్నాడు. తూటా లేదు. బోల్టు విడిగా ఉంది. అంతా సవ్యంగా ఉంది. “ఇక తీసుకెళ్లండి,” అన్నాడు. అక్కడితో కథ ముగిసిపోవలసింది.

“ఒక్క నిమిషమండి,” అన్నారు మా ఆయన. “ఆయుధం స్టేషన్‌లోకి వచ్చింది కదా. వచ్చినట్టు మీ రిజిస్టరులో ఎక్కించి నాకు రసీదు ఇస్తే బావుంటుంది. రేపు ఎవరైనా అడిగితే...”

హెడ్డు, అంటే హెడ్ కానిస్టేబుల్, అడిగిందే తడవుగా రాసేశాడు. చేతిరాత బాగుంటుందని ఆయనకు కాస్త గర్వం కాబోలు. రాశాక కలం మూత పెట్టి, తల గోక్కుని, “సార్, ఎక్కించేశాను. ఇప్పుడు ఇది మన దగ్గర జమైనట్టు. బయటికి పోవాలంటే పెద్దసార్ ఉత్తర్వు కావాలి,” అన్నాడు.

పెద్దసార్ మీటింగులో ఉన్నారు. మీటింగులో ఫోన్లు బయట పెట్టిస్తారట.

“ఎందుకు రాశావయ్యా?” అన్నాడు ఎస్సై.

“ఈయన రాయమన్నారు సార్. చదువుకున్నాయన, మర్యాదగా అడిగారు.”

ఎస్సై ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆ స్టేషన్ సామాన్ల గది తలుపు తెరిస్తే పట్టుకొచ్చిన సైలెన్సర్లు, సైకిళ్లు, ఒక కొబ్బరిబోండాల బండి. రైఫిలు అక్కడ ఉండిపోతే దానికి కాపలా కూర్చోవలసింది తనే. ఆయన గొంతు తగ్గించి మా ఆయన దగ్గరికి వచ్చాడు.

“మాస్టారూ, ఇలా చేద్దాం. హెడ్డు ఆ లైను కొట్టేస్తాడు. మీరు రాలేదు, నేను చూడలేదు. పాపకు పోటీ అంటున్నారు, బయల్దేరండి.”

మా ఆయన నిజంగా నొచ్చుకున్నారు. “రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదండి.”

 పోలీసులు వదిలేస్తామంటుంటే వద్దనే మనిషిని ఆ స్టేషన్ గోడలు అంతకుముందు చూసి ఉండవు. నేను పిచ్చుక కోసం చూశాను. అది ఓ మూల గోడకు ఎదురుగా నిలబడి ఉంది. కుడిచేతి చూపుడు వేలు గాలిలో మెల్లగా, చాలా మెల్లగా ముడుచుకుంటోంది, మళ్లీ చాచుకుంటోంది. లేని రైఫిలుకు లేని మీట నొక్కుతోంది.

“నాన్నా,” అంది గోడ వైపే చూస్తూ. “నాకు వచ్చే ఏడాది లేదు.”

ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయన ఊరడించేవారు. అది ఏడవకపోయేసరికి ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

ఇరవై ఏళ్లు ఇలాంటి మనిషితో కాపురం చేశాక ఏదో ఒక విద్య అబ్బకుండా ఉంటుందా? “ఎస్సై గారూ,” అన్నాను. “రైఫిలు స్టేషన్ నుంచి విడుదల కాకూడదు. అంతేనా?”

“అంతేనమ్మా.”

“మీ దగ్గరే ఉంటూ కదలకూడదని ఎక్కడైనా ఉందా?”

ఎస్సై నన్ను చూశాడు. హెడ్డు కలం మూత తీశాడు.

“మీ జీపులో, మీ మనుషులతో, మీ స్వాధీనంలోనే పోటీ దగ్గరికి వెళ్తుంది. అక్కడి అధికారి దగ్గర ఉంటుంది. అది విడుదల కాదుగా, బదిలీ,” అన్నాను. ‘బదిలీ’ అనే మాట వినగానే ప్రభుత్వోద్యోగులు ముగ్గురూ ఒకేసారి తలలూపారు. అందులో మా ఆయన కూడా ఉన్నారు.

జీపు ఎలాగూ బందోబస్తుకు అటే వెళ్తోంది. కానీ అందులో ఒక్కరికే చోటుంది. పైగా ఎస్సై ఇంకో మెలిక పెట్టాడు: అక్కడ ముట్టినట్టు కబురు వచ్చేదాకా లైసెన్సుదారు ఇక్కడే, తన కళ్లెదుట కూర్చోవాలి. ఏమైనా తేడా వస్తే పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా.

“లైసెన్సుదారు రైఫిలుతో పాటే ఉండాలి,” అన్నారు మా ఆయన. గొంతు ఎండిపోయింది. అందులో నీళ్లు తాగకపోవడం కూడా కొంత ఉంది.

“మీరెళ్తే పాప ఆగాలి. పాప వెళ్తే మీరు ఆగాలి. చెప్పండి,” అన్నాడు ఎస్సై.

“రెండూ కుదిరేలా...”

“ఒరేయ్,” అన్నారు అత్తయ్య, బెంచీ మీంచి లేవకుండానే. “నువ్వు డాక్టరు చెప్పిన రోజుకి పుట్టలేదు. మమ్మల్నందర్నీ ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి, నీకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చావు. ఆ ఒక్క తప్పుకీ ఇన్నేళ్లుగా లెంపలేసుకుంటూనే ఉన్నావు. ఇక చాలు గానీ, పిల్లను పంపు.”

హెడ్డు నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరులో తల దూర్చాడు. ఆయన మాత్రం నన్ను చూశారు. ఏదైనా అధికారిక సమాధానం కావాలన్నట్టు.

“ఎనిమిదిమంది పట్టే లిఫ్టులోకి తొమ్మిదో మనిషి ఎక్కితే ఏమవుతుందండీ?” అన్నాను.

“కదలదు.”

“ఎనిమిదో మనిషి దిగితే?”

 ఆయన లోపలి జేబులోంచి రెండు తాళంచెవులూ తీశారు. రైఫిలు పెట్టెదీ, తూటాల పెట్టెదీ. ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా రెండూ కలిసి ఉండరాదని నిబంధనల్లో లేకపోయినా మా ఇంట్లో ఉంది. ఆ రెండింటినీ కలిపి పిచ్చుక అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

“వెళ్లు,” అన్నారు. “తొందరపడి నొక్కకు.”

పిచ్చుక ఆయన ముఖం వైపు ఒక్క క్షణం చూసి, పరుగెత్తింది.

జీపు ఎలా వెళ్లిందో చెప్పాలి. వెనక సీట్లో మహిళా కానిస్టేబుల్, ఆమె పక్కన పిచ్చుక. రైఫిలు పెట్టె పొడవెక్కువై ఇద్దరి ఒళ్లలోంచీ సాగి కిటికీలోంచి మూరెడు బయటికి వచ్చింది. తూటాల పెట్టె మీద ముందు సీటు కానిస్టేబుల్ హాయిగా కాళ్లు పెట్టుకున్నాడు. తాళంచెవులు పిచ్చుక వేలికి ఊగుతున్నాయి. దగ్గర దారి వదిలేసి బైపాస్ వైపు తిప్పారు. ఇంకా చెడనిది ప్రజల భయభ్రాంతుల నిబంధన ఒక్కటేననుకున్నాను. డ్రైవరు సైరన్ వేసి వన్‌వేలోకి ఎదురు దూసుకుపోయాడు. అరటిపండ్ల బండివాడు గెల వదిలేసి మురుక్కాలవ దూకాడు.

మా ఆయన మెట్ల మీద నిలబడి అంతా చూశారు. కళ్లు మూసుకోలేదు. లోపలికి వచ్చి ఎస్సై బల్ల ముందు నిటారుగా నిలబడ్డారు.

“నా మీద కేసు రాయండి.”

“దేనికండీ?”

“లైసెన్సుదారు లేకుండా రైఫిలు ప్రయాణించింది. తెలిసే పంపాను. ఒప్పుకుంటున్నాను.”

“అది వెళ్లింది మా జీపులో. మీ మీద రాస్తే నా మీద కూడా రాసుకోవాలి.”

“రాసుకోండి. ఇద్దరం సంతకం పెడదాం.”

ఎస్సై రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. టీ తెప్పించాడు. అత్తయ్య రెండు కప్పులు తాగి, తెచ్చినవాణ్ణి మళ్లీ పంపించారు. నేను మూడు గ్లాసుల నీళ్లు తాగాను. మా ఆయన టీ ముట్టకుండా, ఏ సెక్షన్ వర్తిస్తుందో హెడ్డుకు వివరిస్తూనే ఉన్నారు. హెడ్డు ‘అవునండి, నిజమేనండి’ అంటూ బెల్టు సర్దుకుంటున్నాడు. దొంగలను ఒప్పించడం ఎలాగో ఆయనకు తెలుసు. ఒప్పుకున్నవాణ్ణి ఆపడం ఎలాగో ఎవరూ నేర్పినట్టు లేదు.

కోచ్ ఫోన్ చేశాడు. బల్ల మూయబోతుండగా సైరన్‌తో జీపు లోపలికి వచ్చిందట. పోలీసులొచ్చారని తనిఖీవాళ్లే లేచి నిలబడి, ముందు మా పిల్ల రైఫిలే చూసి పంపారట. మిగతా పిల్లల తండ్రులు, ఎవరి కూతురో కనుక్కుంటున్నారట. ముట్టినట్టు ఎస్సైకి కూడా కబురు అందింది.

“ఇక మీరు వెళ్లవచ్చు,” అన్నాడాయన చేతులు జోడించి.

“కేసు?”

ఎస్సై కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు పక్కన, ‘ఇక్కడ వాహనములు నిలుపరాదు’ అన్న బోర్డు కింద మా కారు, వెనక సీట్లో బెల్టు పెట్టుకున్న టైరుతో సహా నిలబడి ఉంది. అక్కడ పెట్టమన్నది ఎస్సైయే. పుస్తకం లాగి, బరబరా రాసి, చలాను చింపి మా ఆయన చేతికి ఇచ్చాడు.

మా ఆయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. “ఇది వేరే నేరం కదండీ?”

“ప్రస్తుతానికి ఇదే ఉంది మాస్టారూ. సర్దుకోండి.”

 ఆయన చలాను మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పటిదాకా ముట్టని టీ, చల్లారిపోయినా, గటగటా తాగేశారు.

పోటీ అయ్యేలోగా మేం అక్కడికి చేరుకోలేం. ఈ మనిషి నడిపే దగ్గర దారిలో చేరేసరికి పిల్లే ఎదురొస్తుంది. అందుకని స్టేషన్ ఎదుట, కారు సరైన చోటికి జరిపి, అందులోనే కూర్చున్నాం. అత్తయ్య ముందు సీట్లో నోరు తెరిచి నిద్రపోయారు. నేను టైరు మీద మోచెయ్యి ఆనించాను. ఆయన స్టీరింగు పట్టుకుని కదలని కారును నడుపుతున్నట్టు కూర్చున్నారు. ఫోన్ మా ఇద్దరి మధ్య ఉంది. దాన్ని చూడనట్టు నటించడంలో ఇద్దరమూ పోటీ పడ్డాం.

అది మోగగానే ఇద్దరమూ ఒకేసారి అందుకున్నాం. నాకే అందింది.

“అమ్మా,” అంది పిచ్చుక.  చుట్టూ అరుపులు వినిపించాయి.

“చెప్పవే, నా ప్రాణం తీయకు.”

“ఉన్నా. లిస్టులో అందరికన్నా కింద ఉన్నా. కానీ ఉన్నా.”

నేనేదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. అత్తయ్య లేచి, “కొట్టిందా? నాకు తెలుసు, దానికి నా చెయ్యే వచ్చింది,” అన్నారు. మా ఆయన చెయ్యి చాపారు. స్పీకర్ నొక్కి ఫోన్ ఇచ్చాను.

“అమ్మా పిచ్చుకా,” అని గొంతు సవరించుకున్నారు. “జీపులో రైఫిలు... ఎలా వెళ్లింది?”

స్పీకర్‌లో పిల్ల నసిగింది. “కిటికీలోంచి బయటికొచ్చింది కదా నాన్నా, ఆ అక్క లోపలికి లాగేసింది. నా ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నా. తర్వాత...”

“తర్వాత?”

“రాత్రంతా నిద్ర లేదు కదా. పెట్టె మీద తల పెట్టుకుని పడుకుండిపోయా. అక్కడికి వెళ్లాక ఆ అక్కే లేపింది.”

 ఆయన ఏ నిబంధన వెతుకుతున్నారో నాకు తెలుసు. ఆ మాటకు సరిపడేవి కనీసం మూడు ఉన్నాయి. అత్తయ్య వెనక్కి తిరిగి నాతో కళ్లతోనే, ‘ఇప్పుడు చూడు’ అన్నారు. స్టేషన్ మెట్ల మీంచి హెడ్డు, మేమింకా వెళ్లలేదేమిటా అని భయం భయంగా చూస్తున్నాడు.

“మెడ పట్టేయలేదు కదా?” అన్నారు మా ఆయన.